లోటా ముందు, మెయిన్ తర్వాత

సూరత్ పక్కన ఇచ్ఛాపూర్ దాటి సముద్రం వైపు పోతే, ఫ్యాక్టరీ గోడలు అయిపోయిన చోట ఒక ఊరు ఉంది. పేరు రాయను. ఆ ఊళ్లో ఏ ఇంటి స్విచ్చి బోర్డు విప్పినా, లోపల వైర్లకు చుట్టిన టేపు ఆగయ్య చుట్టిందే. ఆయన మాత్రం ఆ ఊరివాడు కాదు. ఊరి బయట రేకుల గదుల్లో, సిరిసిల్ల, కోరుట్ల దిక్కు నుంచి వచ్చిన మాలాంటి మగ్గాలవాళ్ల మధ్య ఉంటాడు. నాకు మామ వరుస.

మామ కూడా మగ్గాల మనిషే. సూరత్ ఖటోదరాలో ఒక షెడ్డులో నేతకు చేరి, కాలిపోయిన మోటార్లు విప్పేవాడి పక్కన కూర్చొని కరెంటు పని పట్టుకున్నాడు. ఆ షెడ్డులో సేటు తాగే కుండ వేరు, పనివాళ్ల నల్లా వేరు. పగలంతా మోతలో నిలబడి, ఆ నల్లా కింద దోసిలి పట్టడమే అక్కడ నీళ్లు తాగడం. షెడ్డు మూతపడ్డాక ఇటు వచ్చాడు. ఊళ్లో ఆయనను మొదట పనికి పిలిచింది కాశీబా అనే ఇల్లాలు. వానకు గోడ తడిసి, ఫ్యాను స్విచ్చి ముట్టుకుంటే షాక్ కొడుతోందని కబురు పెట్టింది.

గుమ్మంలో నిలబడ్డ మనిషిని ఆమె పేరు అడగలేదు, ఏ ఊరని అడగలేదు. వంటింట్లో నీళ్ల బిందెలు పెట్టే గూటి దగ్గరికి పోయి, ఇత్తడి లోటా నిండా ముంచి తెచ్చి చేతికిచ్చింది. గుజరాతీ ఇళ్లలో అదొక పద్ధతి. గడప దగ్గరికి వచ్చిన మనిషికి మాట కంటే ముందు నీళ్లు. వాళ్లకు అది మామూలు. మామకు కాదు.

"ఎత్తి పోసుకుంట లోటా ఖాళీ అయ్యెదాక దించలేదురా" అని ఒకసారి నాతో అని, వెంటనే మాట మార్చాడు.

ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాడు. ఇంటి లోటాతో నీళ్లు తాగనిదే మెయిన్ స్విచ్చి ముట్టడు. ఎంత తొందర పనైనా అంతే. ఊరు మొదట నవ్వింది, తర్వాత అలవాటు పడింది. ఆయన సైకిలు గోడకు ఆనించేలోగానే లోపల బిందె మూత చప్పుడయ్యేది. "ఊరంత మీ మామకు లోటాలే. ఇంట్ల చెంబు కడిగే దిక్కు మాత్రం నేనొక్కదాన్నే" అనేది మామ భార్య చిన్నవ్వత్త.

రెండు వేల ఇరవైలో కరోనాకు అన్నీ బందయ్యాయి. మగ్గాలు ఆగిపోయాయి. మా గదుల్లో సగం మంది రైళ్లు దొరికిన రోజు దేశం పోయారు, అంటే సొంతూళ్లకు. మామ పోలేదు. "ఈ ఊరి ఇండ్లల్ల లైటు ఏసినోన్ని నేను. నేనెందుకు పోవాలె?" అన్నాడు.

అదే వారం ఊరివాళ్లు దారికి ఎడ్లబండి అడ్డం పెట్టారు. గదులవాళ్లు లోపలికి రాకూడదన్నారు.

"నీ ఊరు నిన్ను రానిస్తలేదట గదా?" అంది అత్త.

"బండే గదనే. రేపు తీస్తరు."

భయం అబద్ధమని నేను అనను. మాకూ ఉండింది. కానీ పాల వ్యాను లోపలికి పోయేది. సూరత్ నుంచి చీరల వ్యాపారుల కార్లు పోయేవి. ఎవరిని చూసి భయపడాలో ఆ భయానికి బాగా తెలుసు.

బండి తీయడానికి వానాకాలం దాకా పట్టింది. తీశాక మామను ఒక ఇంటికి పిలిచారు. లోటా రాలేదు. దుకాణంలో కొన్న ప్లాస్టిక్ సీసా ఒకటి ప్రహరీ మీద పెట్టి, ఆ ఇంటాయన దూరం జరిగి నిలబడ్డాడు. మామ సీసాను చూశాడు. పనిముట్ల సంచి విప్పకుండానే సైకిలెక్కి వచ్చేశాడు. రెండో ఇంట్లోనూ అదే సీసా, మూడో ఇంట్లోనూ అదే. తర్వాత ఊరు ఇచ్ఛాపూర్ నుంచి వేరే ఎలక్ట్రీషియన్‌ను పిలుచుకోవడం మొదలుపెట్టింది. ఆ మనిషికి సీసా అయినా ఒకటే, ఏదైనా ఒకటే. మామ సూరత్‌లో పాండేసర మిల్లులో మోటార్ల పనికి పోయాడు. పొద్దున బస్సెక్కితే మళ్లీ చీకటికే గదికి.

"నీళ్ల కాడ పట్టు పట్టి పని పోగొట్టుకునే మనిషిని నిన్నే చూసిన" అంది అత్త.

"పని యాడ పోయింది? నన్ను పిలిచెటోళ్లు పోయిండ్రు" అన్నాడాయన.

మరుసటి ఎండాకాలం రోగం మళ్లీ వచ్చింది, ఈసారి ఇంటింటికీ. ఒక పొద్దున కాశీబా కొడుకు ధన్‌సుఖ్‌భాయ్ మా గదుల ముందు మోటారు సైకిలు ఆపాడు. మాస్కు మీద ఇంకో గుడ్డ కట్టుకున్నాడు. తల్లికి ఆసుపత్రిలో మంచం దొరకలేదట. ఇంట్లోనే ఆక్సిజన్ మిషన్ పెట్టారు, కానీ కరెంటు వస్తూ పోతూ అది ఆగి ఆగి నడుస్తోందట. ఇచ్ఛాపూర్ మనిషి జ్వరంతో పడుకున్నాడట.

"పోకు మామా" అన్నాను, ఆయనకు వినబడేలాగే. "బండి అడ్డం పెట్టినోళ్లు గిప్పుడు ఎట్లొచ్చిండ్రు?"

"నువ్వు జర ఆగు."

"గిప్పుడు యాదికొచ్చినమా భాయ్?" అని అత్త కూడా ధన్‌సుఖ్‌భాయ్‌ని అడిగేసింది. అతను తల దించుకున్నాడు. ఆమె లోపలికి పోయి మామ సంచి తెచ్చి అందిస్తూ, "ఆ ముసలామె ఏం జేసిందయ్యా, పాపం. పో" అంది.

నేనూ వెంట పోయాను. మంచితనంతో కాదు, వాళ్లు ఏం చేస్తారో చూద్దామని.

ఇంటి ముందరి అరుగు దగ్గర ధన్‌సుఖ్‌భాయ్ ఆపాడు. "నువ్వు కిటికీ దగ్గర నిలబడి చెప్పు. ఏది విప్పమంటే అది నేను విప్పుతాను."

"చెప్తే అయ్యేదానికి నన్నెందుకు తెచ్చినవ్?" అన్నాడు మామ.

లోపల మిషన్ గీపెట్టింది. అతను పక్కకు జరిగాడు. మామ నల్లా దగ్గర సబ్బుతో చేతులు కడిగి, ముఖానికి తువ్వాల కట్టుకొని, గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఎందుకు ఆగాడో నాకు తెలుసు. ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"నీళ్ల సంగతి తర్వాత మాట్లాడుత" అని లోపలికి పోయాడు.

మెయిన్ తీస్తే మిషన్ ఆగిపోతుంది. అందుకని ముందు పక్కింటివాళ్లను అడిగి, వాళ్ల ఇంటి నుంచి వైరు లాగి, కిటికీలోంచి మిషన్‌కు కలిపాడు. కాశీబా ఛాతీ సమంగా లేచి దిగడం చూశాకే మీటరు దగ్గరికి వచ్చాడు. మెయిన్ స్విచ్చిలో ఒక వైరు కొస మాడి బొగ్గయి ఉంది. కోసి, కొత్తగా బిగించాడు. మంచం పక్కన కరిగిపోయిన ప్లగ్గు పెట్టె మార్చాడు. మిషన్‌ను మళ్లీ ఇంటి కరెంటుకు తగిలించి, కూలర్ కూడా వేసి చూశాడు. ఎక్కడా ఆగలేదు.

బయటికి వచ్చేసరికి ప్రహరీ మీద సీసా ఉంది.

మామ దాన్ని చూసి, అరుగు మీద కూర్చున్నాడు.

"తీసుకో ఆగయ్యభాయ్, చల్లగా ఉంది" అన్నాడు ధన్‌సుఖ్‌భాయ్.

"అది దుకాణం నీళ్లు. ఇంటి నీళ్లు కావాలె."

"అమ్మ ఈ స్థితిలో ఉంటే గొడవ పెట్టుకుంటావా?"

"గొడవేం లేదు. కూసున్న."

పక్కింటివాళ్లు తలుపుల్లోకి వచ్చారు. ఎవరో మెల్లగా నవ్వారు. నాకు ఒళ్లు మండింది, లేచి పోదామన్నాను. మామ నా వైపు చూడలేదు.

"నా చెయ్యి మీ అమ్మ మంచం దాక వచ్చింది ధన్‌సుఖ్‌భాయ్. నీ లోటా గడప దాక రాదా? పెదవి తగలనీయను. ఏనాడన్న తగిలిందా? నువ్వు పిలగానిగ ఉన్నప్పటి నుంచి చూస్తున్నవ్."

ధన్‌సుఖ్‌భాయ్ సీసాను ప్రహరీ మీద ఇంకాస్త ఇటు జరిపాడు. లోటా మాత్రం తేలేదు. ఎండ అరుగు మీదికి పాకింది. మామ అక్కడే కూర్చున్నాడు, కాళ్లు కూడా ముడుచుకోలేదు.

చివరికి లేచింది ధన్‌సుఖ్‌భాయ్ భార్య రమీలాబెన్. మొగుణ్ణి అడగలేదు. గూటి దగ్గరికి పోయి, లోటా ముంచి తెచ్చి, కింద పెట్టకుండా మామ చేతికే ఇచ్చింది. "బా కళ్లతో సైగ చేసింది" అని మాత్రం అంది. కాశీబా నిజంగా చేసిందో, ఈమే కల్పించిందో నాకు తెలియదు.

మామ తల వెనక్కి వాల్చి, ఎత్తి పోసుకున్నాడు. తొందర లేకుండా, అందరూ చూస్తుండగా, చివరి చుక్క దాకా. లోటాను నల్లా కింద కడిగి అరుగు మీద బోర్లించాడు. సీసా ప్రహరీ మీదే ఉండిపోయింది.

దారిలో అడిగాను. "ఒక లోటా నీళ్ల కోసం గట్ల కూసుండుడేంది మామా? వాళ్లే ఇయ్యాలె గదా."

"ఇయ్యాలె. ఇయ్యలే. మరి నేను లేచి పోతే మర్చిపోతరు" అన్నాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ జవాబు నాకు నచ్చదు. ఇంకో జవాబు మాత్రం నాకు దొరకలేదు.

కాశీబా ఆ ఎండాకాలం గట్టెక్కింది. వానలు పడే నాటికి అరుగు మీద కూర్చుంది.

ఆ లోటా నీళ్లు తాగిన మర్నాడే, వైరు ఇచ్చిన పక్కింటివాళ్లు ఫ్యాను తిరగడం లేదని పిలిచారు. మామ పోయి గుమ్మం ముందు నిలబడ్డాడు. సంచి భుజం మీదే ఉంచాడు. ఆ ఇంటి కోడలు చేతిలో సీసాతో వచ్చింది. ఆయన కదల్లేదు. ఆమె కాసేపు ఆయనను చూసి, సీసాతోనే వెనక్కి పోయింది. లోపల బిందె మూత చప్పుడయింది.

అప్పుడు మామ సంచి దించాడు.