గుండు అని కొడితే

తొంభైల చివర్లో నేను శంషాబాద్‌లోని ఒక కోళ్ల హేచరీలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. మాది గుంటూరు వైపు నుంచి వచ్చి మెహదీపట్నంలో స్థిరపడిన కుటుంబం. రోజూ బస్సెక్కి బెంగళూరు రోడ్డు మీద దిగితే, రాళ్లగుట్టల మధ్య రేకుల షెడ్లు, వాటి ముందు రెండు గదుల ఆఫీసు. ఒక గదిలో నేనూ కంప్యూటరూ, రెండో గదిలో మా మేనేజరు గారూ ఫోనూ. నేను ఈమెయిళ్లు పంపాలంటే ఆయన ఫోను తీగ పీకి తెచ్చి కంప్యూటరుకు తగిలించుకోవాలి. ఆ కాసేపూ ఆయన పని లేక నా వెనక వచ్చి నిలబడేవారు. అక్కడ మొదలయ్యేది నా బాధ.

మేనేజరు గారిది మహేశ్వరం దగ్గర పల్లె. టైపు హయ్యర్ పాసైన మనిషి. ఆయన వేళ్లు మీటల మీద పడితే మా రేకుల మీద వాన కురిసినట్టుండేది. మౌస్ మాత్రం ఆయనకు లొంగలేదు. వెంటవెంటనే రెండుసార్లు నొక్కమంటే, ఒకసారి నొక్కి, ఏమైందోనని తెర వంక తీరిగ్గా చూసి, తర్వాత రెండోది నొక్కేవారు.

“గీ ఎలుక నాతోని కాదమ్మా. నేను చెప్త, నువ్వు కొట్టు,” అనేవారు.

చెప్పి ఊరుకుంటారా? కామా దగ్గర ఆగి, “పెట్టినవా?” అని అడిగేవారు. పెట్టానంటే వంగి చూసి మరీ నమ్మేవారు.

ఈయన్ని నా కుర్చీ వెనక నుంచి ఎలా కదిలించాలా అని చూస్తున్న రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం మెయిలు ప్రోగ్రాం సహాయం పేజీలు చదువుతుంటే ఒక కిటుకు దొరికింది. ఆ ప్రోగ్రామంతా బొమ్మలూ కిటికీలే. కానీ ఆదేశాలు కొట్టే నల్ల తెర మీద దాని పేరు టైపు చేసి, పక్కన ఒక అడ్డగీత పెట్టి, ఎవరికి, ఏ విషయం అని రాస్తే, అవన్నీ నింపుకుని ఉత్తరం కిటికీ దానంతటదే తెరుచుకుంటుంది. ఆ పొడుగాటి వరుసను ఒక చిన్న ఫైల్లో దాచి పేరు పెడితే, తర్వాత ఆ పేరొక్కటి కొడితే చాలు. మౌస్ ముట్టుకోనక్కర్లేదు.

మేనేజరు గారిని కూర్చోబెట్టి చూపించాను. ఆయన ముఖం వెలిగింది.

“గిది మంచిగున్నది. పేర్లు మాత్రం యాదికుండేటట్టు పెట్టు.”

మొదటిది కోయంబత్తూరులోని మా పెద్ద ఆఫీసరుకు. గౌరవంగా ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దసారు అని పెట్టాను. అందులో డి అక్షరం ఒకటా రెండా అన్నది ఆయనకు రోజూ సందేహమే. నాకు విసుగొచ్చింది.

“ఆయన్ని మీరు మామూలుగా ఏమంటారండీ?” అని అమాయకంగా అడిగాను.

ఆయన గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి, “గుండు,” అన్నారు.

పెద్దాఫీసరు తల మీద ఒక్క వెంట్రుక ఉండేది కాదు. “అదే పెట్టేస్తానండీ, మరిచిపోరు,” అన్నాను. వద్దనలేదు. ఆ ఊపులోనే, ఫోనెత్తితే దించని దాణా వ్యాపారికి వసపిట్ట అనీ, రోజూ ఉత్తరం రాయకపోతే ముభావంగా ఉండే బెంగళూరు గుమాస్తాకు అలక అనీ పెట్టాం. అలక అని కొడితే “నిన్న రాయలేకపోయాను, ఏమీ అనుకోకండి” అనే ఇంగ్లీషు వాక్యం కూడా ముందే వచ్చి కూర్చునేలా చేశాను.

ఇక మేనేజరు గారిని పట్టలేం. పొద్దున్నే రాగానే నన్ను కుర్చీలోంచి లేపి, గుండు అని కొట్టి, గుడ్లెన్ని పొదిగించామో పిల్లలెన్ని బయల్దేరాయో రాసి పడేసేవారు. అన్ని శాఖలకన్నా ముందు మా లెక్కలే కోయంబత్తూరు చేరేవి. అదే మా కొంప ముంచింది.

పెద్దాఫీసరు బేగంపేటలో విమానం దిగి, కారులో నేరుగా మా దగ్గరికొచ్చారు. మునక్కాడలాంటి మనిషి. మజ్జిగ తాగి, ఇంగ్లీషులో మేనేజరు గారిని అడిగారు: “మీ ఉత్తరాలు అందరికన్నా ముందెలా వస్తున్నాయి? నా ఎదుట రాసి చూపించండి.”

“నేను చూపిస్తానండీ,” అంటూ మౌస్ పట్టుకోబోయాను.

“ఆయన్నే చూపించనివ్వండి,” అన్నారు పెద్దాఫీసరు.

మేనేజరు గారు కూర్చున్నారు. తెలివిగా వసపిట్ట అని మొదలుపెట్టబోతే, “నాకే రాయండి,” అన్నారు ఆయన. తప్పలేదు. నల్ల తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాల్లో గుండు ప్రత్యక్షమైంది. మరుక్షణం, ఎదుట నిలబడ్డ మనిషి చిరునామాతో కిటికీ తెరుచుకుంది.

ఆయన తెర చూశారు, తన పొట్ట చూసుకున్నారు. “మా తమిళంలో గుండు అంటే లావుపాటి వాడు,” అన్నారు నెమ్మదిగా. “నేను సరిగ్గా తినడం లేదని ఇంట్లో రోజూ గొడవ. మీకు నేను లావుగా కనిపిస్తున్నానా?”

మేనేజరు గారు నా వైపు తిరిగారు. “జర నువ్వే చెప్పమ్మా ఇంగ్లీషుల. మా దిక్కు గుండంటే బండరాయి. ఏ గాలొచ్చినా కదలడు అని.”

అది అబద్ధం కాదు. కిటికీలోంచి చూస్తే గుట్ట నిండా గుండ్లే. వాటిని వేలెత్తి చూపిస్తూ, స్థిరత్వం, దృఢత్వం అంటూ నాకు తెలిసిన పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలన్నీ వాడాను. ఆయన ఆ రాళ్లను చాలాసేపు చూసి, మేనేజరు గారి భుజం తట్టి, సంతోషంగా కారెక్కారు. ఆ సాయంత్రం బస్సులో నాలో నేను నవ్వుకుంటుంటే, పక్క సీటావిడ కొంచెం దూరం జరిగి కూర్చుంది.

కొన్ని వారాల తర్వాత కోయంబత్తూరు నుంచి ఫోనొచ్చింది. గోడ అవతల నుంచి నాకు వినిపించింది “యెస్ సార్” ఒక్కటే. ఫోను పెట్టేసి మేనేజరు గారు నా గదిలోకొచ్చారు.

“బెంగళూరు మీటింగ్‌ల అందరి నడుమ చెప్పుకున్నడట, హైదరాబాదోళ్లు నన్ను గుండంటరు అని. ఆడ తెలుగోళ్లంత ఆయన తలకాయనే చూసిన్రట.”

“కోపంగా ఉన్నారా అండీ?”

“ఏమో, తెల్వదు. టోపీ కొనుక్కోవాల్నా అని అడిగిండు. పరేషాన్‌ల యెస్ సార్ అన్న.”

నేను బల్ల మీద తల పెట్టుకుని నవ్వాను. ఆయన ముందు కోప్పడ్డారు, తర్వాత ఆయనా గోడకు ఆనుకుని నవ్వారు. ఆ రోజే ఆ ఫైలు పేరు సార్ అని మార్చేశాను. అయినా ఆయన వేళ్లు పాత పేరే కొట్టేవి. అలాంటిదేదీ లేదని యంత్రం చెబితే, “ఉన్నడు గదనే,” అని దానితో వాదించేవారు.

పెద్దాఫీసరుకు క్షమాపణ ఉత్తరం మాత్రం నన్ను బయటికి పంపి, తలుపు దగ్గరికేసి, తనే రాసుకున్నారు. లోపల చాలాసేపు మీటల వాన కురిసింది. ఏం రాశారో ఇప్పటికీ నాకు తెలియదు. మర్నాడు జవాబొచ్చింది. ఈ వారం పిల్లలు ఎన్ని బయల్దేరుతున్నాయి అని అడిగారు, అంతే.