మా బావ కార్ఖానా

మా బావ పోయాడు. వనపర్తి దవాఖానాలో నాలుగు రోజులు జ్వరంతో పడి ఉండి, అయిదో రోజు పొద్దున ప్రాణం విడిచాడని కబురు తెచ్చిన మనిషి చెప్పాడు. ఏడుపుకంటే ముందు నాకు ఒళ్లు మండింది, దాచడం ఎందుకు. బండెక్కుతూ కూడా నాతో వాదన పెట్టుకొని, "వచ్చినంక చెప్త నీ సంగతి" అని వెళ్లిన మనిషి. ఇన్నేళ్ల వాదనను నడుమ తెంపి పోవడం ఏం మర్యాద?

మీలో కొందరు ఆయనను చూసే ఉంటారు. ఎవరు ఎదురైనా ముందు భుజం మీది తువ్వాల అంచును వేళ్ల మధ్య నలిపి, ఆ తర్వాతే మనిషి క్షేమం అడిగేవాడు.

మా వాదన పెట్టుబడి గురించి. బావ వయసులో ఉన్నప్పుడు షోలాపూర్‌లో ఒక మిల్లులో పనిచేసి గద్వాలకు తిరిగొచ్చాడు. అందరూ అక్కడి నుంచి దగ్గు తెచ్చుకుంటే ఈయన అభిప్రాయాలు తెచ్చుకున్నాడు. రాబోయే కాలమంతా పెట్టుబడిదేననీ, ఇంటికో గుంటమగ్గం పెట్టుకున్న మా వీధి దాని ముందు నిలవదనీ అనేవాడు. మగ్గాలన్నీ ఒక కప్పు కిందికి తెచ్చి, కార్ఖానా పెట్టి, నేతగాళ్లకు రోజుకూలి ఇవ్వాలని ఆయన పట్టు. నేను నాలుగో తరగతిలోనే బడి మానేసినా, పట్నం నుంచి వచ్చే పాత పత్రికలు చదివి ఈ మాలిక్‌ల కాలం ఎంతో దూరం సాగదని తేల్చేశాను. ఆయనకు లోకం తెలుసు, నాకు పత్రికలు తెలుసు. ఓపిక ఇద్దరికీ లేదు.

"మాలిక్ ఉంటేనే పని ఉంటదిరా."

"పని చేసెటోడు ఉంటేనే మాలిక్ ఉంటడు బావా."

"నీ అసొంటోడు మా మిల్లుల ఉంటే మొదటి దినమే గేటు బయట ఉందువు."

"మీ మిల్లా? నువ్వు దాంట్ల కండెలు చుట్టినోనివే గద."

మా అక్క నడుమ వచ్చి, "అన్నం సల్లారుతున్నది. ఇద్దరు మాలిక్‌లు జర తిని కొట్లాడుండ్రి" అనేది.

చివరికి అన్నంత పనీ చేశాడు. ఇంటి వెనక రేకుల కప్పు వేయించి, తన మగ్గంతో పాటు మరో మూడు దింపి, ముగ్గురు నేతగాళ్లను కూలికి పెట్టుకున్నాడు. నా మగ్గం కూడా తెమ్మన్నాడు. తేలేదు సరికదా, ఒక కొంటెపని చేశాను.

మా వీధిలో ఒక పద్ధతి ఉంది. పడుగుకు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులకు, గంజి పెట్టే రోజు, పొద్దున్నే దాన్ని వీధి పొడవునా చాపి కడతారు. ఇంటికొకరు వచ్చి కుంచెలతో దువ్వుతారు. గంజి ఆరేలోగా పోగుకు పోగు విడిపోవాలి, లేకుంటే అతుక్కుపోయి పడుగు పాడవుతుంది. పిలుపు లేదు, కూలి లేదు. ఇవాళ నీ పడుగు, రేపు నాది. కార్ఖానా పడుగు మొదటిసారి వీధిలోకి వస్తుందనగా నేను ఇల్లిల్లూ తిరిగాను.

"బావ ఇప్పుడు మాలిక్. ఉత్తగ పోయి చెయ్యి పెడితే ఆయనకే ఇజ్జత్ తక్కువ. కూలి చెప్పి పిలిచేదాక కదలకుండ్రి."

తెల్లవారింది. గంజి పూసిన పడుగు పక్కన బావ, అక్క, ఆ ముగ్గురు. వీధిలో ఒక్క తలుపు తెరుచుకోలేదు. నేను నా అరుగు మీద వేపపుల్ల నములుతున్నాను. బావ ప్రతి గుమ్మం వైపూ చూశాడు, ఎవరినీ పిలవలేదు. ఎండ ఎక్కుతోంది. అక్క నావైపు చూసిన చూపుకు పుల్ల పారేసి కుంచె పట్టుకున్నాను. నన్ను చూసి మిగతావాళ్లూ దిగారు. అయినా చివర నాలుగు మూరలు బిగుసుకుపోయాయి.

బావ తిట్టలేదు. పాడైన ముక్కను కోసి నా చేతిలో పెట్టాడు. "పెట్టుబడికి మంచి కాలమే ఉన్నది. బామ్మర్దులు లేని ఊరు సూస్కోవాలె, గంతే."

తర్వాతి వారం నా పడుగు దగ్గరికి అందరికంటే ముందు వచ్చింది ఆయనే.

"మాలిక్‌వు, నీకెందుకు బావా?"

"మాలిక్ అయితే చేతులు పడిపోతయా?"

యుద్ధం వచ్చి నూలు దొరకనప్పుడు ఇంకా విసిగించాడు. ఉన్న నూలంతా ఆ ముగ్గురికి ఇచ్చి, తన మగ్గం ఆపుకున్నాడు. ఇదేం మాలిక్‌తనమని అడిగితే, "మగ్గాలు ఆగితే దాన్ని కార్ఖానా అనరు, గోదాం అంటరు" అన్నాడు. నూలు కోసం అయిజ, కొత్తకోట, వనపర్తి తిరిగాడు. ఆ తిరుగుడులోనే జ్వరం పట్టింది. పెట్టుబడి గెలిచిందనడానికి ఆయన సాక్ష్యం పనికిరాదు. ఓడిందనడానికీ పనికిరాదు. ఇలాంటి మనిషితో వాదించి ఏం లాభం చెప్పండి.

పదకొండో రోజు ముగిశాక అక్క నన్ను కూర్చోబెట్టింది.

"తమ్మీ, కార్ఖానా నువ్వే చూడాలె. మూసేస్తే ఆ ముగ్గురి ఇండ్లల్ల పొయ్యి ఎలగదు."

"నేనా? దానికి దుష్మన్‌ను నేను."

"అందుకే దాని ఐబులు, లోట్లన్ని నీకు ఎర్క."

మర్నాడు పొద్దున వెళ్లాను. ముగ్గురి నవ్వులు బయటికే వినిపిస్తున్నాయి. ఒకడు ఎవరి గొంతునో అనుకరిస్తున్నాడు. అది నా గొంతే. అచ్చం దిగింది. నాకూ నవ్వొచ్చి, ఇంకో రెండు మాటలు కలుపుదామని తలుపు తోసి లోపల అడుగుపెట్టాను.

నవ్వు తెగిపోయింది. ముగ్గురూ తలలు వంచి, మగ్గాల మీద నాడెలు గబగబా ఆడించడం మొదలుపెట్టారు.