చెల్లెలి వేలిముద్ర

తిరుపాల్ హిందూపురంలో నూలుమిల్లు యజమాని తరఫు వకీలు. అతని తల్లి ఒకప్పుడు ఆ మిల్లు కూలీ. 1998లో అదే మిల్లులోని నలభైమంది ఆడకూలీల తరఫున, వాళ్లలో ఒకరైన గంగరత్న కనీస వేతనం కోసం కేసు వేసింది.

అక్క రాలేకపోతే పని పోకుండా చెల్లెలు వచ్చి ఆమె పేరున వేలిముద్ర వేయడం ఆ మిల్లులో వాడుక.

విచారణలో తిరుపాల్ అడిగాడు. "నీ కాన్పు రోజుల్లో హాజరుపుస్తకంలో వేలిముద్ర ఎవరిది?"

"మా చెల్లెలిది సార్. నువ్వు పుట్టినప్పుడు మీయమ్మ బదులు మీ చిన్నమ్మ రాల్యా?" గంగరత్న నవ్వింది.

హాజరుపుస్తకమే అబద్ధమని, ఎవరు ఎన్నాళ్లు పనిచేశారో రుజువే లేదని తిరుపాల్ వాదించాడు. అందరి కేసూ కొట్టేశారు.

ఇంట్లో తల్లి అడిగింది. "గంగరత్న కేసు ఏమాయ నాయనా?"

"వాయిదా పడిందిమా."

"మంచిదే. ఈతూరి నేనూ వచ్చి సాక్ష్యం చెప్తా."

అతను వంగి, చాలాసేపు చెప్పులు విప్పుతూనే ఉన్నాడు.