గోషలో ఉన్న పిట్ట

పిట్టల పేర్లు రాయడానికి తెలుగు పండితుడెందుకని మా హెడ్మాస్టరు నవ్వాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి వేసవి అది. గుంటూరు వైపు నుంచి కరీంనగర్ బడిలో ఉద్యోగానికి వచ్చి నాకింకా ఏడాది తిరగలేదు. ఆదిలాబాద్ అడవుల్లోని పక్షుల జాబితా తయారుచేయడానికి హైదరాబాదు నుంచి జంతుశాస్త్రం లెక్చరరు ఒకాయన వస్తున్నాడు. ఆయనకు ఉర్దూ, ఇంగ్లీషు బాగా వచ్చు, తెలుగు అంతంతమాత్రం. ఊళ్ళలో అడిగి పేర్లు రాసిపెట్టే మనిషి కావాలని కబురొస్తే, సెలవులే కదా అని ఎగేసుకుని పోయాను.

నాకో జబ్బు ఉంది. దిద్దడం. ఊళ్ళో వాళ్ళు చిల్క అంటే చిలుక అని, నెమిలి అంటే నెమలి అని రాసేవాణ్ణి. వాళ్ళ నోట్లో మాటను నా కాగితం మీదికి ఎక్కించేలోపు ఓసారి కడిగి ఆరేస్తే తప్ప తృప్తి ఉండేది కాదు. జాబితాలో ఊరి పేరు ఉన్నదున్నట్టు రాయాలని లెక్చరరు రెండుసార్లు చెప్పాడు. ఆయనకు తెలుగేం తెలుసులే అనుకున్నాను.

బోథ్ దాటాక అడవిలో దారి చూపడానికి ఇప్పపువ్వు ఏరుకునే ముసలాయన ఒకడు కుదిరాడు. ఒక ఉదయం మా నెత్తిమీదుగా బూడిదరంగు పక్షి ఒకటి పోయి ఎదుటి చెట్టు మీద వాలింది. పొడుగాటి తోక, వంకీ తిరిగిన పెద్ద ముక్కు, ఆ ముక్కు మీద కొమ్ములాంటి బుడిపె. నోట్లో మేడిపండు. అలాంటిది మా జాబితాలో ఇంకా ఎక్కలేదు. ఎక్కాలంటే రకానికొక పక్షిని కొట్టి, చర్మం తీసి హైదరాబాదుకు పట్టుకెళ్ళాలి. ఆ రోజుల్లో పద్ధతి అదే. కానీ గూడు పెట్టిన పక్షిని లెక్చరరు ముట్టేవాడు కాదు. తుపాకీ పట్టుకుని ముప్పై అడుగుల దూరంలో నిలబడి, గూడు ఉందేమో అడగమని నాకు సైగ చేశాడు.

అడిగాను. ముసలాయన గొంతు తగ్గించి, "ఆడిది గోషల ఉన్నది పంతులూ" అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు. నేను విననేలేదు. గోష కాదు, ఘోష అని అప్పటికే మనసులో ఒత్తు పెట్టేసుకున్నాను. ఘోష అంటే అరుపు. ఆడపక్షి ఎక్కడో అరుస్తోందట, గూట్లో లేదట అని నాకొచ్చిన హిందీలో అరిచి చెప్పాను. తుపాకీ పేలింది.

ముసలాయన తలపట్టుకుని కూలబడ్డాడు. "ఎంత పని చేస్తిరి! పెండ్లాం గోషల ఉన్నదని చెప్పలేదా?"

ఈసారి ఆ మాట లెక్చరరు చెవిన పడింది. ఆయన మొహం పాలిపోయింది. గోషా ఆయన భాషలో మాటే. పరదా. ఆడవాళ్ళు బయటికి రాకుండా ఉండడం. నేను అర్థం చెప్పకుండా ఆ మాటను అలాగే అందించి ఉంటే ఆయన తుపాకీ దించేసేవాడు. మా వైపు ఆడవాళ్ళకని గోషా ఆసుపత్రులు లేవా? నాకు తెలియని మాట కాదు. పిట్టకు గోషా ఏమిటన్న ఆలోచన కూడా రానివ్వలేదు నా పాండిత్యం.

ముసలాయన మమ్మల్ని నల్లమద్ది చెట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. రెండు నిలువుల ఎత్తున తొర్ర. దాని నోరంతా రెట్టతో గట్టిగా మెత్తేసి ఉంది, వేలెడు సందు తప్ప. గుడ్లు పెట్టే ముందు ఆడది లోపలికి పోయి తనను తానే అలా మూసుకుంటుందట. ఈకలు రాల్చుకుంటుందట. కొత్తవి మొలిచేదాకా ఎగరలేదు. అన్నాళ్ళూ మగడు తెచ్చి నోటికందిస్తేనే ఆమెకూ పిల్లలకూ తిండి. మేం చూస్తుండగానే సందులోంచి ముక్కు కొన బయటికొచ్చింది. ఎదురు చూసింది.

లెక్చరరు బెల్లంపల్లి వైపు పోక తప్పదు. నేను ఆగిపోయాను. వెదురు నిచ్చెన కట్టి, కర్ర కొన చీల్చి మేడిపండు ఇరికించి సందుకు అందించాను. ముక్కు కర్రను పొడిచి లోపలికి పోయింది. సాయంత్రం దాకా అంతే. "తొందర చెయ్యకు పంతులూ. తాకిచ్చి ఆగు" అన్నాడు ముసలాయన. మర్నాడు పండు లాక్కుంది. ఆ లాగుడు కర్ర వెంట నా చేతిలోకి వచ్చింది. ఆ క్షణం నాకెంత సంతోషమైందో ఏ భాషలోనూ చెప్పలేను.

పొద్దుట నుంచి మునిమాపు దాకా మేత. పండ్లు, మిడతలు, ఒకరోజు తొండపిల్ల. నాలుగో రోజుకు లోపల పిల్లల గొంతులు వినిపించాయి. అంత చీకట్లో, అంత ఇరుకులో ఆ తల్లి గూడు ఎంత శుభ్రంగా ఉంచుకునేదో! రెట్టంతా సందులోంచి బయటికే కొట్టేది. నేను ఒకసారి దాని కిందే నిలబడి ఆ సంగతి నేర్చుకున్నాను.

పన్నెండో రోజు పొద్దున్నే పోయేసరికి తొర్ర నోరు బద్దలై ఉంది. తల్లి కొమ్మ మీద కూర్చుంది, కొత్త ఈకలతో. మమ్మల్ని చూసి తడబడుతూ ఎగిరిపోయింది. పిల్లల్ని వదిలేసి పోయిందనుకున్నాను. నిచ్చెనెక్కి చూస్తే లోపల రెండు పిల్లలు, ఇంకా సరిగా ఈకలు రాని పిల్లలు, విరిగిపడిన మెత్తు పెళ్ళలకు తమ రెట్ట కలిపి, ముక్కులతో తొర్ర నోటిని మళ్ళీ మెత్తుతున్నాయి. పరదా మళ్ళీ కట్టుకుంటున్నాయి. వెలుతురు చూసి ఎంతసేపైందని! ఎవరు చెప్పారు వాటికి? నిచ్చెన మీద అలాగే నిలబడిపోయాను, చేతులెత్తి దండం పెడదామన్నా పట్టు వదలలేక.

"దిగు, అదొస్తున్నది" అన్నాడు ముసలాయన.

దిగి పొద చాటున కూర్చున్నాం. తల్లి వచ్చి తొర్ర అంచున వాలింది. నోట్లో మేడిపండు. సందులో పెట్టింది. చిన్న ముక్కొకటి దాన్ని అందుకుంది. ఆమె మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. నేను కర్ర చీల్చి పండు ఇరికించుకుని సిద్ధంగా పట్టుకునే ఉన్నాను.

ముసలాయన నా చేతిలోంచి కర్ర తీసుకున్నాడు. "ఇగ నీతోని పని లేదు పంతులూ. పోదాం పా."