ఊరంతటికీ ఒకటే పాస్‌వర్డ్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, ఈశాన్య ఋతుపవనాలు మొదలయ్యే ముందు, నన్ను నెల్లూరులోని మత్స్యకార సంఘాల సమాఖ్యలో సిస్టమ్స్ ఆఫీసరుగా వేశారు. హోదా వినడానికి ఘనంగానే ఉన్నా నా కింద ఒక్కరూ లేరు. వెబ్‌సైటూ, దాన్ని ఉంచిన సర్వరూ రెండూ నా నెత్తినే ఉండేవి. ఆ కుర్చీలోనే రిటైరయ్యాను.

ఆ సైటు కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ మీద నడిచేది. అంటే కోడు రాయడం తెలియనివాళ్లు కూడా ఫోనులోంచి లాగిన్ అయి, నాలుగు మాటలు రాసి, ఫొటో పెట్టుకోగలిగే ఏర్పాటు. ఒక్కో పల్లెకు ఒక్కో పేజీ ఉండేది. పేజీ పైభాగాన ఒక పెట్టెలో ఆ రోజు వేటకు పోవచ్చో కూడదో రాసి ఉండేది. వాతావరణ హెచ్చరిక మా ఆఫీసుకు వస్తే మేము పల్లెకు పంపేవాళ్లం, పల్లె పెద్దలు దాన్ని ఆ పెట్టెలో పెట్టేవారు.

బోగోలు మండలంలోని ఒక పల్లె పేజీ మాత్రం నా ప్రాణం తీసేది. తెల్లవారుజామున పడవలు దించే ముందు అందరూ ఒక్కసారే తెరుస్తారు, అది తెరుచుకోదు. వెతికితే తేలిందేమిటంటే, కొత్త పడవకు పసుపు రాసి నీళ్లలోకి దించిన ప్రతిసారీ ఆ ఫొటోలను తీసినవి తీసినట్టే పేజీలోకి ఎక్కిస్తున్నారు. ఆ బరువుకు సర్వరు మూలిగేది. వాటిని కుదించాలని కూర్చుని చూస్తూ ఉండిపోయిన మధ్యాహ్నాలున్నాయి. పసుపు ముఖాల పడవలు, వెనక నీలం, పైన ఆఫీసు ఫ్యాను చప్పుడు. కళ్లు తెరిచే నిద్రపోతున్నట్టు ఉండేది.

రెండో తంటా ఇంకా పెద్దది. ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో సర్వరు రాసి పెట్టుకుంటుంది. అది చూస్తే సగం ఊరు ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డ్‌తో వచ్చిపోతోంది. పాస్‌వర్డ్ ఏమిటంటే వాళ్ల గ్రామదేవత పేరు. పైగా ఫొటోలు చూపించే ప్లగిన్, అంటే సైటుకు తగిలించిన అదనపు ప్రోగ్రాము, ఏళ్లుగా అప్‌డేట్ కాలేదు. దొంగకు ఇంతకన్నా మర్యాద ఎవరూ చేయరు. పెద్దలకు విడివిడిగా లాగిన్‌లు ఇచ్చి వద్దామని బిట్రగుంటలో రైలు దిగి, ఆటోలో ఆ పల్లెకు పోయాను.

అక్కడ ఊరిపెద్దలను కాపులంటారు. వాళ్లంతా కూర్చుని వేసే కట్టడి పేరు దురాయి. దాన్ని ఎవరూ దాటరు. పెద్దకాపు సోమయ్య గారు నేను చెప్పినదంతా ఓపికగా విని తల అడ్డంగా ఊపారు.

"ఒకడి పేరుతో పెడితే అది ఒకడి మాట అవుద్ది మేడమ్. ఒకడి మాట మా ఊళ్లో ఎవురింటారు? అందరిదీ ఒకటే తాళం ఉండబట్టే అది ఊరి మాటయింది" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. వాదించి లాభం లేదని ఆ పూటకు చేపలమ్ముకునే ధనమ్మ ఇంట్లో దిగాను. ఆమె భర్త కోటయ్య మిద్దె మీద నాకు చాప వేసి, వల సర్దుకోవడానికి వెళ్లిపోయాడు. చీకటి పడే వేళకు సముద్రమూ ఆకాశమూ ఒకటే బూడిద రంగయ్యాయి. ఊరు మొత్తం నీళ్ల మీద మెల్లగా ఊగుతున్నట్టు అనిపించింది. కోపం ఎప్పుడు పోయిందో తెలియదు.

తెల్లవారుజామున లేచేసరికి ఒడ్డున గొడవగా ఉంది. పేజీ తెరిస్తే రమ్మీ ఆట ప్రకటనలు వస్తున్నాయి. ఎవడో ఆ పాస్‌వర్డ్‌తోనే దూరి, మార్చే హక్కులన్నీ తన పేరు మీదికి తిప్పుకున్నాడు. కాపులెవరూ లోపలికి పోలేకపోయారు. పెట్టెలో నిన్నటి 'వేటకు అనుకూలం' అలాగే నిలిచిపోయింది. అంతలోనే మా మేనేజరు గారు ఫోను చేసి, వాయుగుండం దిశ మారిందనీ, పడవలు దించవద్దని హెచ్చరిక వచ్చిందనీ చెప్పారు. నిబంధన ప్రకారం సైటు వెంటనే ఆపేసి, శుభ్రం చేశాకే తెరవాలన్నారు.

అప్పటికే కోటయ్య పడవ అలలు దాటి పోయింది.

ధనమ్మ ఫోను చేస్తే కలవలేదు. వాయిస్ మెసేజ్ ఒక టిక్కు దగ్గరే ఆగిపోయింది. "వల ఏసే ముందు ఒకసారి పేజీ చూస్తాడక్కా, అదొక్కటే అలవాటు. ఇప్పుడు చూస్తే పొమ్మనే గదా ఉండాది" అంది. నాకు భయం వేసింది.

సైటును ఆపేశాను. కానీ ఖాళీగా వదల్లేదు. ఆ పల్లె పేజీ చిరునామాను సంబంధం లేని మరో సర్వరుకు మళ్లించాను. మామూలుగా అలాంటి మార్పు అందరికీ చేరడానికి గంటలు పడుతుంది. ఆ గడువును కొన్ని నిమిషాలకు తగ్గించి పెట్టుకోవడం నా పాత అలవాటు. కొత్త చోట ఒకే ఒక పేజీ పెట్టాలి. ఫొటోలు, ప్లగిన్‌లు, లాగిన్ ఏమీ ఉండవు, అక్షరాలు మాత్రమే.

టైపు చేయబోతుంటే సోమయ్య గారు ఆపారు. కాపులందరినీ వలల కుప్ప దగ్గరికి పిలిపించారు. వేటకు పోవద్దు, పోయినవాళ్లు తిరిగి రావాలి అన్న వాక్యం చదివి వినిపించాను. ఒక్కొక్కరే సరేనన్నారు. "ఇప్పుడు మా పేర్లన్నీ కింద రాయి మేడమ్" అన్నారాయన. రాసి, పేజీ ఎక్కించాను. ఊళ్లో దురాయి చాటింపు మొదలైంది.

తరువాత చేయడానికి ఏమీ మిగల్లేదు. మంచు పొరలో సముద్రం కనిపించీ కనిపించకుండా ఉంది. ధనమ్మ అటు చూడలేదు, ఇసుకలో గీతలు గీస్తూ కూర్చుంది. నేను ఆమె పక్కనే కూర్చున్నాను. గాలి మారడం ఒంటికి తెలుస్తూనే ఉంది. నిజంగా మేలుకునే ఉన్నానా అని నాకే సందేహం కలిగినంత నిశ్శబ్దం.

ఇంజను చప్పుడు ముందు వినిపించింది, పడవ తరువాత కనిపించింది. ధనమ్మ లేచి నిలబడింది.

వాయుగుండం సంగతి చూసి వెనక్కి తిరిగావా అని కోటయ్యను అడిగాను. "గాలీవాన మాకు కొత్తేంది మేడమ్, చూసుకుందాంలే అనుకునేవోణ్ణి. సిగ్నలు చచ్చిపోయే చోట కూడా పేజీ టక్కున వచ్చేసినాది. కింద కాపులందరి పేర్లు ఉండాయి. దురాయని తెలిసినాక ఇంగ ముందుకెట్టా పోతాను?" అన్నాడు.

సైటు శుభ్రం చేశాక కాపులకు విడివిడి లాగిన్‌లే ఇచ్చాను. కానీ అందరూ ఒప్పుకుంటే తప్ప ఏ సూచనా ప్రచురణ కాకుండా, అయినప్పుడు అందరి పేర్లూ కనిపించేలా అమర్చాను. సోమయ్య గారు ఈసారి తల నిలువుగా ఊపారు. వేట సూచనకు ఫొటోలు లేని ప్రత్యేక పేజీ పెట్టాను.

సర్వరు భద్రత అంటే ఎవరిని లోపలికి రానివ్వకూడదో చూడటమని నాకు నేర్పారు. ఆ తరువాత నేను కట్టిన ప్రతి సైటుకూ ముందు వేరే ప్రశ్న వేసుకున్నాను: ఇక్కడి జనం ఎవరి మాటకు వెనక్కి తిరుగుతారు?