సవిత కంప్యూటర్లో ఎవరో ఉన్నారు

సవిత పిరికిదని అనే ధైర్యం నిజామాబాద్‌లో ఆ గల్లీ వాళ్లెవరికీ లేదు. భర్త భూమేష్ మస్కట్‌లో ఒక కంపెనీ స్టోర్ చూసుకుంటుంటే, అత్త హన్మవ్వనూ ఇద్దరు పిల్లలనూ పదకొండేళ్లుగా ఒంటిచేత్తో లాక్కొస్తున్న మనిషి. మీటర్ ఊడపీకుతానని వచ్చిన కరెంటాయనను వీధి చివరిదాకా తరిమిన మనిషి.

ఆమె ముందుగదిలో ఒక కంప్యూటర్ ఉంది. బీడీలు చుట్టే ఆడవాళ్లకు పింఛన్ కాగితాలూ పీఎఫ్ దరఖాస్తులూ దాంట్లో నింపి పెడుతుంది. వాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని, ఆ ఫ్యాను కిందే బీడీలు చుడుతూ తమ వంతు కోసం చూస్తారు. మగపురుగు లేని ఇల్లు కదా, కొంగు జారినా సర్దుకోరు. చంటిపిల్లలకు పాలిస్తారు, మొగుళ్లను కడుపారా తిట్టుకుంటారు. ఇంకెక్కడా అంత నిశ్చింతగా కూర్చోరు పాపం.

అలాంటి సవితకు మూడు వారాలుగా మనసు మనసులో లేదు. ఒక మధ్యాహ్నం ఆమె చాయ్ గ్లాసులు పట్టుకుని వంటింట్లోంచి వస్తోంది. పక్కింటి సుకన్య గోడకు ఆనుకుని బిడ్డకు పాలిస్తోంది. సుకన్యకు ఎదురుగా, కంప్యూటర్ మీది కెమెరా పక్కన, చిన్న పచ్చ లైటు వెలుగుతోంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

“సుకన్యా, జర గటు మర్లి కూసో.”

“ఏమైందక్కా?”

“ఏం లే. ఎండ గొడుతుంది.”

అబద్ధం. ఆ గదిలోకి ఎండ రానే రాదు.

అందరూ వెళ్లాక సవిత నుదుటి బొట్టుబిళ్ల తీసి కెమెరాకు అంటించింది. అయినా భయం పోతేనా! ఆ లైటు ఎన్నాళ్లుగా వెలుగుతోందో, సుకన్య ఇప్పుడు ఏ పోకిరి ఫోన్‌లో ఉందో! ఒక్క ఫొటో బయటపడిందా, ఆ పిల్ల తలెత్తుకు తిరగలేదు. ఆడవాళ్లంతా తన గడప ముందుకొచ్చి, “నీ ఇంట్లనే గదనే!” అంటారు. అంటే తప్పేముంది? రమ్మని కూర్చోబెట్టింది తానే కదా.

బజారులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణాయన వైరస్‌లు పట్టే ప్రోగ్రామ్ ఒకటి ఎక్కించాడు. అంతా శుభ్రమైందని తెర మీద చూపించింది. తెల్లారేసరికి బొట్టుబిళ్ల పక్కన మళ్లీ అదే పచ్చ వెలుగు. దుకాణంలో మరో మగవాడి చేతికి ఆ కంప్యూటర్ ఇవ్వడానికి ఆమెకు మనసొప్పలేదు. భూమేష్‌తో చెబుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. పరాయి దేశంలో ఉన్న మనిషికి బెంగ ఎందుకని మింగేసింది. చివరికి బోధన్‌కు ఫోన్ చేసింది.

మర్నాడు పొద్దున్నే బోధన్ బస్సు దిగి ఆత్మారాం వచ్చాడు. షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు బండ్ల కాంటా చీట్లు కంప్యూటర్‌లో ఎక్కించిన మనిషి, సవిత తండ్రికి దోస్తు. ఫ్యాక్టరీ మూతబడ్డాక ఇళ్లకు తిరిగి కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. వీధి తలుపు బార్లా తెరిపించి మరీ కూర్చున్నాడు. సవిత ఉన్నదంతా చెప్పింది. వింటూనే ముందు నెట్ వైరు పీకేశాడు.

“దొంగ ఇంట్ల ఉండంగ వానికి బయటోల్లతోని మాట్లాడనీకి ఫోన్ ఇస్తమా బిడ్డా?”

తర్వాత నడుస్తున్న ప్రోగ్రామ్‌ల పట్టీ తెరిచాడు. సవిత పక్కన నిలబడి ఒక్కో పేరూ చదివింది. ఒకచోట ఆగింది. “కాకా, గిదేంది? ప్రింటర్‌ది అంటుంది. మా ఇంట్ల ప్రింటర్ యాడిది? నేను జిరాక్స్ దుకాణానికి ఉరుకుత గద!”

“దొరికిండు బద్మాష్!” అని ఆత్మారాం దాన్ని ఆపేశాడు. రెండు గుక్కల చాయ్ తాగాడో లేదో, అది మళ్లీ పట్టీలోకి వచ్చి కూర్చుంది. మళ్లీ ఆపాడు. మళ్లీ లేచింది.

“ఇంకోడు కావలున్నడు. ఈడు వడితే ఆడు లేపుతుండు” అన్నాడు ఆత్మారాం. కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచాడు. అందులో అవసరమైనవి తప్ప మిగతావేవీ లేవవట. అప్పుడు ఇద్దరు దొంగలూ నిద్రలో దొరికారు. కంప్యూటర్ తెరవగానే వాటిని లేపే వరసను తుడిచేశాడు. పది నిమిషాలకోసారి లేపమని ఎవరో రాసి పెట్టిన ఆజ్ఞను చెరిపేశాడు. ఆఖరికి, కనబడకుండా దాచిన ఒక ఫోల్డర్ బయటపడింది.

తెరవగానే వరసలు వరసలుగా చిన్న చిన్న ఫొటోలు. ఆత్మారాం చప్పున కళ్లద్దాలు తీసేసి గోడవైపు తిరిగిపోయాడు.

“నువ్వే సూడు బిడ్డా. నేను సూడరాదు.”

సవిత చూసింది. సుకన్య ఉంది. తల తుడుచుకుంటున్న హన్మవ్వ ఉంది. చీర మార్చుకుంటున్న తాను కూడా ఉంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఆ దొంగ ప్రోగ్రామ్ ఎన్నడు ఎక్కిందో తారీకు ఉంటది, సూడు” అన్నాడు ఆత్మారాం, గోడవైపే చూస్తూ.

జూన్ ఇరవై మూడు, పొద్దున పదకొండు ఇరవై.

ఆ రోజు ఆమెకు బాగా గుర్తు, సెలవుకొచ్చిన భూమేష్ తిరిగి బయల్దేరే ముందురోజు. ఆ ఇంట్లో మస్కట్ పోయేవాళ్లు ఒకరోజు ముందు పోచమ్మకు బెల్లమన్నం పెట్టి, తమ చేత్తో కొబ్బరికాయ కొట్టాలి. భూమేష్ మాత్రం, “నాకు తల నొస్తుంది, మీరు పోయి రాండ్రి” అని కాయను తల్లి చేతికిచ్చాడు. పోయేవాడు కొట్టకపోతే ఎట్లా అని హన్మవ్వ దారి పొడుగునా గొణుగుతూనే ఉంది. పదకొండు ఇరవైకి వాళ్లంతా పోచమ్మ దగ్గరున్నారు. ఇంట్లో అతనొక్కడే.

“ఎవలు పెట్టిన్రో ఎరుకైందా?”

“లేదు కాకా.”

ఫోల్డర్ మొత్తం తన చేత్తోనే చెరిపేసింది. ఆత్మారాం కంప్యూటర్‌ను మామూలుగా తెరిచి, నెట్ వైరు పెట్టి, గంటసేపు కాపలా కాశాడు. ఏదీ లేవలేదు. పాస్‌వర్డులన్నీ మార్చమని చెప్పి బస్సుకు వెళ్లిపోయాడు.

అతను వీధి మలుపు తిరిగాడో లేదో ఫోన్ మోగింది. భూమేష్.

“పొద్దుగాల ఇంట్ల ఎవలో మొగ గొంతు ఇనవడ్డది. ఎవలాయన?”

నెట్ వైరు పీకే ముందు ఆ కంప్యూటర్ మాటలు కూడా విందన్నమాట. ముక్కూమొహం తెలియని వాడైతే తిట్టేది, పోలీసుల దగ్గరికి ఉరికేది. ఇతను సెలవు దొరికితే ఈ గదిలోకే వచ్చి పెట్టె దించుతాడు. ఆమెకు మూడు వారాల్లో వేయనంత భయం వేసింది.

“బోధన్ ఆత్మారాం కాక” అంది. “నువ్వు పెట్టింది తీసేసినం.”



“నీ మీద అనుమానంతోని కాదు సవితా. దూరం ఉన్నోన్ని… ఇల్లు సూసుకుందామని…”

“సుకన్యను సూసినవ్. నా సెల్లె అసొంటిది. ఆమెకేం జెప్పాలె నేను?”

ఫోన్ కట్టయింది. ఎవరు పెట్టేశారో ఆమెకే తెలియలేదు.

బయట గేటు చప్పుడైంది. చంకలో బిడ్డ, చేతిలో చాట, సుకన్య గడపలో ఒక కాలు పెట్టేసింది. “అక్కా, కరెంటు వోయింది మా ఇంట్ల. ఫ్యాను కింద జరసేపు కూసుంట.”

దాచితే దాగుతుంది. అంతా తుడిచేసింది కదా, తారీకు కూడా మిగల్లేదు.

“ఆగు సుకన్యా” అంది తలుపుకు అడ్డంగా నిలబడి. “లోపటికి వచ్చేముందు నీకొకటి జెప్పాలె.”