మా నాయనమ్మ చూసొచ్చిన ఇళ్ళు

ఆ రోజుల్లో బడి మానేసిన కుర్రాడు వీధికొకడు ఉండేవాడు. కృష్ణలంకలో మా వీధికి ఆ కుర్రాణ్ణి నేనే. ఉన్నమాట చెప్పాలంటే నేను బడి మానలేదు, బడే నన్ను మానేసింది. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా శ్రద్ధగా చదువుతానంటే మా లెక్కల మాస్టారు మా నాన్నని పిలిపించి, "మీవాడు మళ్ళీ వస్తే నేను బదిలీ పెట్టుకోవాలండీ" అని రెండు చేతులూ జోడించారు. ఆయనది పిల్లలుగల సంసారం. పాపమనిపించి నేనే తప్పుకున్నాను. అప్పుడు ఇంట్లో పెద్ద సభ జరిగి, నన్ను విజయవాడ చేపల మార్కెట్లో మా నాయనమ్మ దుకాణానికి అప్పగించారు. దుకాణమంటే బోర్డులూ తలుపులూ ఊహించుకోకండి. ఒక గోనెపట్టా, ఒక కత్తిపీట, ఒక తక్కెడ, రెండు తట్టలు. నా ఉద్యోగం మూడు పనులు: పొద్దున్నే ఆవిణ్ణీ తట్టల్నీ మోపెడ్ మీద మార్కెట్‌కి చేర్చడం, చేపలకి పొలుసు తీయడం, నోరు మూసుకోవడం. మొదటి రెండూ నెల తిరక్కుండానే వచ్చేశాయి.

మా నాయనమ్మ భయమంటే ఏమిటో తెలియని మనిషి. ఒకసారి మార్కెట్లోకి ఆంబోతు చొరబడితే అందరూ గోడలెక్కారు గానీ, ఈవిడ కూర్చున్నచోటు నుంచి కదలకుండా, "ఏంట్రా నీ గోల, పొద్దున్నే?" అని దాన్ని మందలించింది. (అది తల దించుకుని వెళ్ళిపోయింది. నేను గోడ మీద నుంచి కళ్ళారా చూశాను.) అలాంటి మనిషి, ఒక శుక్రవారం పొద్దున్న మార్కెట్ గేటు దగ్గర తెల్ల కారు ఆగి, అందులోంచి మోచేతుల దాకా గాజులున్న ఒక పెద్దావిడ దిగడం చూసి, చేతిలో బొచ్చె చేపని తట్టలో పడేసి, పక్క దుకాణం వాళ్ళ ఐసు పెట్టె వెనక్కి పోయి నక్కి కూర్చుని, నెత్తిమీంచి గోనెపట్టా కప్పేసుకుంది. లోపల్నించి గొంతు మాత్రం వచ్చింది. "ఒరేయ్, నేను లేను. ఊరెళ్ళా. ఏ ఊరో చెప్పమాక."

పెద్దావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, నీళ్ళ గుంటలు తప్పించుకుంటూ తిన్నగా నా ముందుకే వచ్చింది.

"ఇక్కడ కూర్చునే ముసలావిడేదబ్బాయ్?"

"ఊరెళ్ళిందండీ."

"ఏ ఊరు?"

"ఆ ఒక్కటీ చెప్పొద్దందండీ."

"నువ్వు మనవడివా? అనుకున్నాలే." ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "గన్నవరం ఐసు ఫ్యాక్టరీ వాళ్ళొచ్చారని చెప్పు, ఆవిడకి తెలుసు. మా పెద్దమ్మాయి కూతురికి కొండపల్లిలో ఒక సంబంధం వచ్చింది. మంచోళ్ళనే అంటున్నారు. పైకి అందరూ మంచోళ్ళేగా? మునుపటిలాగా ఒక్కసారి వెళ్ళి ఆ ఇల్లు చూసి రమ్మను."

"చూసి రావడమేంటండీ?"

"నీకు తెలీదా? మీ నాయనమ్మ లాంటి వేగు ఈ చుట్టుపక్కల లేదబ్బాయ్! సంబంధమంటే ముందు ఆవిణ్ణి పంపేవాళ్ళం. చేపలమ్మినట్టే వెళ్ళి ఆ ఇంటి గుట్టంతా లాక్కొచ్చేది. మా పెద్దోడికి ఇబ్రహీంపట్నంలో ఒక పిల్లని అనుకున్నాం, కరెంటు క్వార్టర్స్‌లో గుమాస్తా గారి పిల్ల. తాంబూలాల దాకా వచ్చింది. మీ నాయనమ్మ చూసొచ్చి, ‘వద్దమ్మగారూ, పిల్ల గయ్యాళి, అత్తని అరిటాకు చించినట్టు చించుద్ది’ అని చెప్పింది కాబట్టి బతికిపోయాం."

ఇంత మేలు చెప్పుకుంటున్నంతసేపూ ఆవిడ ముక్కు మీద కొంగు తీయలేదు. చేపలకి ఐసు అమ్మి మేడ కట్టిన మనిషికి చేపల వాసన పడకపోవడమేమిటా అని నేను ఆలోచిస్తుండగానే ఆవిడ వెళ్ళి కారెక్కేసింది. అప్పుడు గానీ అసలు మాట నా బుర్రలోకి దిగలేదు. ఇబ్రహీంపట్నం కరెంటు క్వార్టర్స్‌లో గుమాస్తా గారి పిల్లని నాకు బాగా తెలుసు. ఆ పొద్దున్నే నాకు ఉప్మా పెట్టి, బండి నెమ్మదిగా పోనిమ్మని చెప్పి పంపింది. ఆవిడ మా అమ్మ.

ఇక్కడ మా ఇంటి చరిత్ర కొంచెం చెప్పాలి. మా ఇంట్లో ‘గన్నవరం సంబంధం’ అనేది రేషన్ కార్డులో పేరు లేని ఒక మనిషి. ఫ్యాను ఆగినా, రేకుల్లోంచి వాన కారినా, అత్తాకోడళ్ళకి మాటా మాటా పెరిగినా, అమ్మ చివరికి అక్కడికే వెళ్ళేది. "ఆ గన్నవరం సంబంధం తప్పిపోబట్టి గానీ..." అని సగంలో ఆపేసేది. ప్రతి మాటకీ నాలుగు మాటలు అప్పజెప్పే నాయనమ్మ, ఆ ఒక్కమాటకి మాత్రం నోరెత్తేది కాదు. కోడలి మీద గౌరవం కాబోలనుకునేవాణ్ణి. (తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివినా తెలివి ఇంతే.)

"వెళ్ళిందా?" అంది గోనెపట్టా.

"వెళ్ళింది. వేగులమ్మగారూ, బయటికి దయచేయండి."

నాయనమ్మ లేచి వచ్చి, చీర దులుపుకుని, ఏమీ జరగనట్టు కత్తిపీట ముందు కూర్చుంది. నేను వదల్లేదు. సినిమాల్లో వేగులకి నల్ల కళ్ళద్దాలూ, బూటు మడమలో కత్తీ ఉంటాయి. ఈవిడకి ఉన్నదల్లా ఒక తట్టా, నోట్లో వక్కా. ఇంటికి వెళ్ళి అమ్మకి చెబుతానని బెదిరిస్తే ఆ మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డాక కొంచెం కొంచెం చెప్పింది. మొదటి సూత్రం: చేప అమ్మకూడదు. అమ్మేస్తే ఇక ఆ గుమ్మంలో పనేముంది? అందుకని పది రూపాయల చేపకి పాతిక చెప్పేదట. బేరం నడిచినంతసేపూ గుమ్మంలో కూర్చోవచ్చు. "బేరంలో పడ్డ మనిషికి మిగతా నోటి మీద కాపలా ఉండదురా," అంది. ముక్కలు కొట్టేటప్పుడు తల ఎవరికమ్మా, తోక ఎవరికమ్మా అని ఊరికే అడిగినట్టు అడిగేది. తలకాయ మామగారికి, నడుం ముక్క కొడుక్కి, తోక కోడలికి అన్నారంటే ఆ ఇంటికి పిల్లనివ్వొద్దని చెప్పేది. మొగుడి చెప్పుల చప్పుడుకి ఇల్లాలి గొంతు తగ్గిందంటే ఇక మాటాడకుండా లేచి వచ్చేది. ఇలా ఇరవై ఏళ్ళు.

"మరి ఎందుకు మానేశావు?"

"మీ అమ్మ వచ్చాక మానేశా."

"అమ్మ గయ్యాళని ఎందుకు చెప్పావు?"

"పొలుసు తియ్యి," అంది. అంతటితో ఆ రోజు కచేరీ అయిపోయింది. ఇంటికి వస్తూ దారిలో మాత్రం వెనక నుంచి నా భుజం గట్టిగా పట్టుకుని, "ఒరేయ్, మీ అమ్మకి చెప్పావంటే ఆ పిల్ల పుట్టింటికి పోద్దిరా," అంది. నేను పెద్దమనసుతో సరేనన్నాను. ఆ వారమంతా నాకు రోజూ సాయంత్రం మిరపకాయ బజ్జీలు, ఆదివారం మాట్నీ. రహస్యాలు ఇంత రుచిగా ఉంటాయని అప్పటిదాకా తెలియదు.

ఆ ఆదివారం మాట్నీ నుంచి వచ్చేసరికి వంటింట్లో యుద్ధం జరుగుతోంది. పులుసులో పులుపెక్కువైందని నాయనమ్మ, ఎక్కువైతే తినొద్దని అమ్మ. మామూలే. మామూలుగానే గన్నవరం కూడా వచ్చింది. నేను గుమ్మంలో నిలబడి, అలవాటు ప్రకారం, "అక్కడ మేడ, కారు, ఇంటినిండా ఐసు!" అని అమ్మ గొంతుని అనుకరించాను. ఎప్పుడూ కొంగుతో కొట్టడానికొచ్చే అమ్మ, ఆ రోజు పీట మీద కూలబడింది.

"మేడ కోసం కాదురా నేననేది. తాంబూలాల దాకా వచ్చి ఎందుకొద్దన్నారో ఎవరూ చెప్పలా. మా నాన్న అడగటానికి సిగ్గుపడ్డాడు. నా నడకా, నా రంగా, నా మాటా? ఏం చూసి వద్దన్నారు? ఇప్పటికీ అద్దం ముందు నుంచుంటే అదే వెతుక్కుంటాను. నీకు నవ్వులాటగా ఉంది."

నాయనమ్మ సగం అన్నం వదిలేసి చేయి కడుక్కుంది. ఆ రోజు నేను బజ్జీల మాట ఎత్తలేదు.

ఆ రాత్రి నాయనమ్మ నన్ను పిలిచి, "ఆ సంగతి మీ అమ్మకి చెప్పమాక," అంది. మర్నాడు పొద్దున్న బండి మీద మళ్ళీ అంది. ఆ మర్నాడు మార్కెట్లో రెండుసార్లంది. నా నోటి గురించి మార్కెట్లో ఒక మాట ఉండేది: వీడికి గుట్టు చెబితే వీడు బండి స్టార్టు చేసేలోపే అది బెంజి సర్కిల్ దాటుద్దని. కానీ ఈసారి చెప్పలేకపోయాను. చెబితే అమ్మ సంచీ సర్దుకుంటుందేమో. చెప్పకపోతే అద్దంలో వెతుక్కుంటూనే ఉంటుంది. అమ్మ మొహం చూస్తే నోరు తెరుచుకునేది, మాట వచ్చేది కాదు. నాలుగోరోజు నాయనమ్మ కత్తి పక్కన పడేసి నా మీద విరుచుకుపడింది.

"ఏరా, మీ అమ్మకి చెప్పావా?"

"ఒట్టు నాయనమ్మా, చెప్పలేదు."

"ఎందుకు చెప్పలా?"

"నువ్వే వద్దన్నావుగా!"

"నేను వద్దన్నవి ఏనాడైనా విన్నావట్రా? బండి స్పీడుగా తోలొద్దంటే విన్నావా? బీడీ వాసనొస్తోంది వద్దంటే విన్నావా? ఊరందరి గుట్టూ ఊదేవాడివి, నాకు పనిబడ్డ రోజునే బుద్ధిమంతుడివయ్యావా, దరిద్రుడా!"

అప్పుడర్థమైంది నాకు. నాలుగు రోజులుగా ఆవిడ నన్ను వద్దనడం లేదు, పంపుతోంది. ఇరవై ఏళ్ళు పరాయి ఇళ్ళ సంగతులు మోసిన నోటికి తన సంగతి చెప్పుకోవడం చేతకాక, ఇంటి వేగుగా నన్ను పెట్టుకుంది. ఆ వేగు కాస్తా తుస్సుమన్నాడు.

ఆ మధ్యాహ్నం అమ్మ గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతుంటే నాయనమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. నేను తలుపు వెనక నిలబడ్డాను, అవసరమైతే బండి మీద పోయి నాన్నని తీసుకురావడానికి తాళం చేత్తో పట్టుకుని.

"అమ్మాయ్, ఆ గన్నవరం సంబంధం చెడగొట్టింది నేనే. నిన్ను చూసి రమ్మని నన్నే పంపారు."

అమ్మ వేళ్ళు ఆగిపోయాయి. నాయనమ్మ అమ్మ వైపు చూడకుండా వీధి వైపు చూస్తూ చెప్పుకుపోయింది.

"ఆ రోజు ఎండ. మీ క్వార్టర్స్‌లో పది గడపలెక్కా. నిండు తట్ట ఒంటరిగా దించుకోలేం కదా, ఎవరో ఒకరు చెయ్యెయ్యాలి. చేతికి నీసు అంటుద్దని ఎవరూ రాలా. నువ్వు ఇస్త్రీ ఓణీ వేసుకుని ఎక్కడికో బయల్దేరుతున్నావు. గబగబా వచ్చి రెండు చేతులా పట్టి దించావు. ఆ రోజు శనివారం, మీ ఇంట్లో నీసు ముట్టరు. కొనకపోయినా మంచినీళ్ళిచ్చి, మళ్ళీ నువ్వే తలకెత్తావు. తట్టలో నీళ్ళు నీ ఓణీ అంతా కారినై. నువ్వు నా నెత్తి మీద తట్ట సరిగ్గా కూర్చుందా లేదా అని చూశావే గానీ ఓణీ చూసుకోలా. ఆ ఐసు ఫ్యాక్టరీ వాళ్ళకి ఆరేళ్ళు చేపలు పోశానమ్మా. పెరటి గేటు బయట ఎండలో నిలబెట్టే తూకం వేయించారు. ఒక్కరోజు అరుగు మీద తట్ట దించనివ్వలా. ఆ ఇంటికి నిన్ను పంపబుద్ధి కాలా. నోటికొచ్చిన అబద్ధం చెప్పేశా. అది చెప్పి బస్సులో తిరిగొస్తుంటే, మన పిల్లాడున్నాడుగా, మనమే అడిగితే పోలా అనిపించింది."

చేటలో బియ్యం మీద ఒక చుక్క పడింది. ఎవరిదో నాకు కనపడలేదు.

"నాలో లోపమేం లేదా అయితే?" అంది అమ్మ.

"లోపముంటే నేను తెచ్చుకుంటానా?"

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదత్తా?"

"చెబితే పోతావేమోనని."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "ఇంతకీ నా గురించి ఏమని చెప్పావు?" అంది.

నాయనమ్మ నసిగింది. "గయ్యాళివని. అత్తని అరిటాకులా చించుద్దని."

"నేనా! అప్పట్లో గట్టిగా తుమ్మడానికి కూడా భయపడేదాన్ని!"

"తరవాత నేర్చుకున్నావుగా."

అమ్మ చేట పక్కన పెట్టేసి నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. పుట్టింటికి మాత్రం పోలేదు. ఆ తరవాత రెండు రోజులు నాయనమ్మతో మాట్లాడలేదు. అది న్యాయమే. మూడోరోజు పులుసు దగ్గర మళ్ళీ మొదలైంది. మా ఇంట్లో గొడవలు తగ్గలేదు గానీ, వాటిల్లోకి గన్నవరం ఇంకెప్పుడూ రాలేదు.

ఇప్పుడు నాయనమ్మ లేదు. ఆ గోనెపట్టా మీద నేనే కూర్చుంటున్నాను. ఇప్పుడు సంబంధాలన్నీ ఫోనుల్లోనే చూసుకుంటున్నారు. ఫోటోలో అందరూ మంచోళ్ళే. తలుపు వెనక బండి తాళం పట్టుకుని నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారంటే ఒక్కసారి నోరు మూసుకున్నాడు, అదీ వాగమని నాయనమ్మ ప్రాణం తీసిన నాలుగు రోజుల్లో.

మొన్న మా ఆవిడకి ఈ సంగతంతా చెప్పి, "నాయనమ్మ ఉండుంటే మన పెళ్ళికి ముందు మీ ఇంటిక్కూడా వచ్చేది. నిన్ను చూసి నాకేం చెప్పేదో మరి!" అన్నాను మీసం దువ్వుకుంటూ. మా ఆవిడ బీరకాయ చెక్కు తీస్తూ తలెత్తకుండా అంది:

"మీకేం చెప్పేదో గానీ, మా నాన్నకి మాత్రం మీ సంగతి ఉన్నదున్నట్టు చెప్పి, నన్ను కాపాడి వెళ్ళేదండీ."